ముక్తాయింపు తరువాత

అడిగిన మాటే మళ్ళీ అడిగితే అది అడుక్కోవడం అవుతుంది, లేదా మొదటిసారి మనసు పెట్టి అడగలేదని ఒప్పుకోవడం అవుతుంది. ఈ రెండింటిలో ఏది ఎక్కువ సిగ్గుచేటో వల్లీశ్వర్ తేల్చుకోలేకపోతుండగానే కొండ ట్రామ్ మబ్బులోకి దూరింది. కింద విశాఖ సముద్రం మాయమైంది. సీటు అతని వీపుకు తగ్గట్టు వంగింది. ఎప్పుడో ఒకసారి నడుం నొప్పి అన్నాడు. అప్పటినుంచి ఊళ్ళో ఏ ట్రామ్ ఎక్కినా సీటు అలాగే వంగుతుంది.

ఆ కాలంలో దేనికీ రెండోసారి చెప్పే పని లేదు. టీలో చక్కెర వద్దని కెటిల్‌కి ఒక్కసారి చెబితే చాలు, జన్మంతా గుర్తుంచుకునేది. ఆ లోకం వల్లీశ్వర్‌కి చక్కగా సరిపోయింది. రెండేళ్ళ క్రితం ఇదే ట్రామ్‌లో, తనతో పనిచేసే షాహీన్‌ని, "మనం కలిసి ఉందామా?" అని అడిగాడు. షాహీన్ వాళ్ళమ్మకు ఆపరేషన్ అయిన వారం అది. "ఇప్పుడు కాదు" అందామె. కెటిల్ లాగే అతనూ గుర్తుంచుకున్నాడు. మళ్ళీ అడగలేదు. ఇవాళ సాయంత్రం ఓడలో ఆమె బోర్నియో వెళ్ళిపోతోంది. ఒరాంగుటాన్ల అడవిలో ఐదేళ్ళ పని.

ఈలోగా పొద్దున ఒక వేడుక ఉంది. కొండమీది వానరాశ్రమంలో అతని యంత్రం మొదటిసారి నలుగురి ముందు మోగబోతోంది.

దాని పేరు ఆవృత్తివాణి. మనిషి జీనోమ్‌లో సగానికి పైగా, అవే మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చే డీఎన్ఏ. దాన్ని పునరుక్త డీఎన్ఏ అంటారు. జన్యువుల కోసం వెతికేవాళ్ళకు అది అడ్డం. అందుకే పని మొదలుపెట్టే ముందే దానికి ముసుగు వేసి పక్కకు నెట్టేయడం వాళ్ళ వృత్తిలో పాత అలవాటు. వల్లీశ్వర్ ఇరవయ్యేళ్ళు అలా ముసుగులు వేసినవాడే. ఒకరోజు షాహీన్ అతని భుజం మీదుగా తెర చూసి, మీరు పారేసేదే ఎక్కువగా ఉంది కదండీ, దాన్ని ఒకసారి వినిపించరాదూ అంది. ఆ మాటలోంచి పుట్టింది యంత్రం. పునరుక్తమైన మాట వచ్చినప్పుడల్లా దానికి బిగించిన మద్దెల తోలు మీద ఒక దెబ్బ పడుతుంది. నకలులో ఒక్క అక్షరం తప్పితే దెబ్బ కాస్త పక్కకు జరుగుతుంది. అలా జరిగిన దెబ్బల్లోంచే కొత్త నడకలు పుడతాయి. చింపాంజీకీ గొరిల్లాకీ క్రోమోజోముల కొసల్లో గలగలమనే ఒక వరస ఉంది, మనిషికి లేదు. ఏ జాతి తాళం దానిదే.

గ్యాలరీలో జనం చెప్పులు బయట విడిచి తివాచీ మీద కూర్చున్నారు. అద్దానికి అవతల చింపాంజీలు చేరాయి. వాటిలో పెద్దది సూరీడమ్మ పనస తొన పట్టుకుని ముందువరసలో స్థిరపడింది. చింపాంజీ తాళం మోగింది, గొరిల్లా తాళం మోగింది. తల ఊపనివాళ్ళు లేరు. వెనక వరసలో ఒక ముసలాయన, మా మనవడు బల్ల బాదుతుంటే ఇదే వరస, వాణ్ణి అనవసరంగా తిట్టాను అన్నాడు.

చివరగా మనిషి రెండో క్రోమోజోమ్. తాళం సాగి సాగి వేగం అందుకుని కొసమాటకు చేరింది. ప్రతి క్రోమోజోమ్ చివరా వచ్చే ఆరక్షరాల మాట అది. దడదడమని పడి ఆగింది. అచ్చం ముక్తాయింపు. చప్పట్లు మోగాయి. కచేరీలో మంగళం అందుకోగానే లేచే అలవాటు మన రక్తంలోనే ఉంది. జనం లేచి చెప్పుల కోసం తోసుకున్నారు. అందరికంటే ముందు లేచింది వల్లీశ్వర్. వీడ్కోలు మాటలు తప్పించుకోవాలని అతని తొందర. కుడికాలికి చెప్పు తొడిగేసరికి వెనకనుంచి దెబ్బ పడింది. మరొకటి. అదే కొసమాట, అరిగి, కొద్దిగా తప్పులతో, తిరగబడి మళ్ళీ మోగుతోంది. ఆ వెంటనే ఎవరూ వినని కొత్త నడక మొదలైంది.

వల్లీశ్వర్ నిలబడిపోయాడు. తన యంత్రమే, తనే ఎప్పుడూ వినలేదు. ఆ చోటు సంగతి అతనికి కంఠతా వచ్చు. ఒకప్పుడు విడివిడిగా ఉన్న రెండు వానర క్రోమోజోములు కొసలు కలిసి మనిషిలో ఒక్కటైన చోటు అది. చింపాంజీ, గొరిల్లాలకు ఇరవై నాలుగు జతలు, మనకు ఇరవై మూడు. కానీ ఒకసారి వచ్చిన కొసమాట మళ్ళీ వస్తే చెత్తేనని పరీక్షల్లో ప్రతిసారీ అక్కడ ముసుగు వేసి ఆపేసేవాడు.

ఖాళీ తివాచీ మీద షాహీన్ ఒక్కతే కూర్చుని ఉంది. అద్దం అవతల సూరీడమ్మ కూడా కదల్లేదు. తాళం మళ్ళీ అందుకోగానే అది నోరు తెరిచి, ఒగరుస్తూ, ఒళ్ళంతా ఊపుకుంటూ నవ్వింది.

"ముసుగు నేనే తీశాను" అంది షాహీన్, అతని వైపు తిరక్కుండా.

"చెప్పలేదే."

"ఆ అతుకు ఒంట్లో పెట్టుకుని పుట్టినవాళ్ళందరూ లేచిపోయారు, ఆ అతుకు లేని ఈవిడ మాత్రం కూర్చుంది. చూడండి, ఎలా నవ్వుతోందో." అప్పుడు అతని వైపు తిరిగి అంది: "'ఇప్పుడు కాదు' అన్నాను గానీ, 'ఎప్పటికీ కాదు' అన్నానా వల్లీశ్వర్ గారూ? రెండేళ్ళు చూశాను. మీ కెటిలే నయం, నీళ్ళు కాగకపోతే మళ్ళీ కాస్తుంది."

అతనికి నవ్వొచ్చింది. తనలో ప్రతి కణంలోనూ ఒకసారి ముగిసి, ముగిసిన చోటే అతుక్కుని, సిగ్గుపడకుండా మళ్ళీ మొదలైన తాళం ఉంది. లక్షల ఏళ్ళుగా మోగుతోంది. సిగ్గంతా తనదే. తాళం చివరికంటా మోగి ఆగింది. సూరీడమ్మ అరచేత్తో అద్దాన్ని కొట్టింది, ఇంకోసారి అన్నట్టు.

వల్లీశ్వర్ కుడికాలి చెప్పు విడిచి లోపలికి వచ్చి షాహీన్ పక్కన కూర్చున్నాడు. రెండేళ్ళ క్రితం ట్రామ్‌లో అడిగిన మాటే, చిన్న తేడాతో, మళ్ళీ అడిగాడు.

"మనం కలిసి వెళ్దామా?"