ఆల్బిన్ అమర్చిన తుపాకి

సరిహద్దులోని లోయిబుల్ కనుమ దిగి వచ్చిన పాలవ్యాను చెక్‌పోస్టు కర్రకు గుద్దుకుని ఆగింది. కాపలావాడు తిట్టుకుంటూ తలుపు తీశాడు. డ్రైవరు స్టీరింగు మీద వాలి ఉన్నాడు. వీపులో తూటా దిగింది. ప్రాణం మాత్రం ఇంకా పోలేదు.

"బహుమతి పేలుతుంది," అన్నాడు. ఆ మాటతోనే ప్రాణం పోయింది.

మర్నాడు మధ్యాహ్నం క్లాగెన్‌ఫుర్ట్‌లో ఒక కాఫీ హోటలు మేడమీద గడ్డం మనిషి ఒకడు తలుపు తట్టాడు.

"ఈ ఏడు పుట్టగొడుగులు బాగా వచ్చాయా?" అంది లోపలి గొంతు.

"వానలు లేవు. నక్కలు మాత్రం దిగాయి."

తలుపు తెరుచుకుంది. రహస్య విభాగం పెద్ద, హోఫ్‌రాట్ బిరుదున్న ప్రాంట్ల్, దాల్చినచెక్క కేకు నములుతూ కుర్చీ చూపించాడు.

"ఆ గడ్డం పీకెయ్, సెవరిన్. ఈసారి నీ వేషం నువ్వే."

సెవరిన్ కుల్నిగ్ గడ్డం ఊడదీశాడు. చర్మం కూడా కాస్త ఊడి వచ్చింది.

"ఆదివారం పొద్దున పొరుగు దేశం మంత్రి కెలెమెన్ బోడెన్‌టాల్ లోయలో కొండమేకను వేటాడతాడు. సోమవారం సరిహద్దు ఒప్పందం మీద సంతకం పెడతాడు. మనం ఆయనకిచ్చే బహుమతి వేట తుపాకి. ఆరున్నర మిల్లీమీటర్ల సన్న తూటా పట్టే పాత మాన్‌లిహర్ కాలిబర్. చక్రవర్తి కాలంలో ఆయన తాత వాడినది అదేనట. ఏరికోరి అడిగాడు. నిన్న పాలవ్యానులో చచ్చిన మన మనిషి ఆఖరి మాట 'బహుమతి పేలుతుంది' అని."

"ఆ తుపాకే పేలుతుందంటారా?"

"ఆయన మొహం మీదే పేలాలని, ఒప్పందం చెడగొట్టాలని చూసే రాబందు ముఠా ప్లాను. మనమిచ్చిన తుపాకితో మంత్రి చస్తే సంతకం ఉండదు. సరిహద్దులో ట్యాంకులే ఉంటాయి. నువ్వు ఫెర్లాఖ్ తుపాకుల బడిలో చదివావు కదా. వెళ్ళి ఆ తుపాకి చేస్తున్న వర్క్‌షాపులో పనికి చేరు."

"ఎవరి వర్క్‌షాపు?"

"ఆల్బిన్ ఒరాష్‌ది."

సెవరిన్ నోట్లో కాఫీ చేదెక్కింది.

బడిలో ఇద్దరిదీ ఒకే బల్ల. ఆల్బిన్ ఫస్టు, సెవరిన్ సెకండు, ప్రతి ఏడూ అంతే. సెవరిన్ చేసిన పనిని మాస్టార్లు తిప్పి చూసి "బాగుంది" అనేవారు. ఆల్బిన్ పనిని మాత్రం నోరెత్తకుండా ఒకరి చేతినుంచి ఒకరు అందుకునేవారు. ఆ నోరెత్తకపోవడమే సెవరిన్‌ని కాల్చేసింది. తర్వాత గూఢచారి అయ్యాడు. కదిలే రైళ్ళలోంచి దూకాడు, ఇద్దరు జనరల్స్‌ని బోల్తా కొట్టించాడు. ఆ కుళ్ళు మాత్రం కడుపులో ఎక్కడిదక్కడే ఉంది.

"ఇంకో సంగతి," అన్నాడు హోఫ్‌రాట్. "మంత్రిగారి కార్యదర్శి మెలిటా మన మనిషే. రెండు వైపులా జీతం తీసుకుంటుంది. మనదే ఎక్కువని నా నమ్మకం. ఇదుగో, ఈ పైపులో రేడియో ఉంది. పొరపాటున వెలిగించేవు!"

ఆల్బిన్ కిరోసిన్ దీపం ముందు కూర్చుని తుపాకి ఇనుప గొట్టానికి మసి పట్టిస్తున్నాడు. నల్లబడ్డ ఇనుమును అక్రోట్ కర్రలో తొలిచిన గాడిలోకి దించాడు, పైకెత్తాడు. కర్రకు నలుపు అంటినచోటల్లా ఉలితో పొరలా గీశాడు. మళ్ళీ మసి, మళ్ళీ దించడం, మళ్ళీ గీయడం. గాడి పొడవునా నలుపు ఒకే తీరున అంటేదాకా ఆ పని సాగుతుంది. అప్పుడు కర్రకీ ఇనుముకీ మధ్య సిగరెట్టు కాగితం కూడా దూరదు.

"ఒరేయ్ సెవరిన్! నువ్వట్రా!" ఉలి పక్కన పడేసి కౌగిలించుకున్నాడు. "కస్టమ్స్‌లో గుమస్తాగిరీ వెలగబెడుతున్నావని విన్నాను. తరిమేశారా ఏమిటి?"

"నేనే మానేశాను. పనుందా?"

"నీకు లేకపోవడమేమిట్రా! కర్రకి నూనె పట్టించు. నీ చెయ్యి మెత్తన."

నూనె పట్టించడం! బడిలో మొదటి ఏడు కుర్రకుంకలు చేసే పని అది. సెవరిన్ పళ్ళు బిగించి గుడ్డ అందుకున్నాడు.

"ఈ రోజుల్లో ఇంత సన్న తూటా ఎవడికి కావాలిరా?" అన్నాడు, ఏదో ఒకటి తప్పుపట్టాలని. "అందరూ కొండలు పగిలే మాగ్నమ్‌లు అడుగుతున్నారు."

"సన్నమే గానీ పొడుగు. తిన్నగా వెళ్తుంది. నీలా దారిపొడుగునా పక్కవాడి పళ్ళెంలోకి చూడదు." ఆల్బిన్ పగలబడి నవ్వాడు. అందులో విషమేమీ లేదు. సెవరిన్‌కి మండింది అందుకే.

అప్పుడే తలుపు దగ్గర నక్కతోలు కోటు మెరిసింది. లిన్సీడ్ నూనె వాసన మీద అత్తరు తేలింది. మెలిటా వచ్చింది.

"మాస్టర్ ఆల్బిన్, మా మంత్రిగారి ఆటబొమ్మ ఎంతవరకూ వచ్చింది?" వేలితో కర్ర నిమిరింది. "అబ్బ, చెంపలా ఉంది."

ఆల్బిన్ మెడ ఎర్రబడింది. సెవరిన్ గుడ్డని కర్రకేసి అరచేతి తోలు ఊడేలా రుద్దాడు. ఫస్టు మార్కులు వాడివే, వర్క్‌షాపు వాడిదే. ఇక ఈమె కూడానా!

మూడో రోజు సాయంత్రం బీరు హోటల్లో ఆమె అతని ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇద్దరూ ఒక వైపు వాళ్ళే కదా. ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"మీ స్నేహితుణ్ణి ఓ కంట కనిపెట్టండి, సెవరిన్. మంత్రి ఎక్కడ నిలబడి కాలుస్తాడని నన్ను రెండుసార్లు అడిగాడు."

సెవరిన్ ఎదురు ప్రశ్న ఒక్కటి కూడా వేయలేదు. ఆ మాట అతనికి తేనెలా తగిలింది. శుక్రవారం ఆల్బిన్ వర్క్‌షాపు తాళంచెవిని మెలిటా చేతిలో పెట్టడం, ఆమె దాన్ని చేతితొడుగులో దాచుకోవడం కళ్ళారా చూశాడు. వెంటనే పైపు నోట్లో పెట్టుకున్నాడు.

"ఆల్బిన్ రాబందు మనిషి. అరెస్టు చేయించండి."

"ఆధారం?" అంది పైపు.

"తాళంచెవి ఇచ్చాడు. మెలిటాకి."

"మెలిటా మన మనిషేగా?"

"వాడికా సంగతి తెలియదుగా! ఆమెని లోబరుచుకోవడానికే ఇచ్చాడు."

పైపు గరగరలాడింది. "సెవరిన్, ఈ మాట నీ బుర్ర చెబుతోందా, కడుపు చెబుతోందా?"

"బుర్రే," అన్నాడు సెవరిన్, కడుపు భగ్గుమంటుండగా.

ప్రభుత్వ పరీక్షశాలలో కాల్చి చూసి గద్ద ముద్ర కొట్టిన తుపాకి శనివారం పొద్దున పెట్టెలోకి ఎక్కింది. ఆల్బిన్ జీపులోకి ఎక్కాడు. సంకెళ్ళు వేస్తున్నా వాడి కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. "ఒరేయ్ సెవరిన్, దానికి తేమ తగలనీయకు," అన్నాడు. పెట్టె మాత్రం మెలిటా కారులో వెళ్ళింది. దొంగ లోపలున్నాడు, తుపాకి పరీక్ష నెగ్గింది, ఇంకేం భయం అని హోఫ్‌రాట్ ఆ రాత్రి కడుపునిండా జున్ను నూడుల్స్ తిని నిద్రపోయాడు.

ఆదివారం బోడెన్‌టాల్ కొండచరియ మీద మంచు పలచబడుతోంది. ముందు ముసలి వేటగైడు జెప్, వెనక మంత్రి కెలెమెన్, ఆ వెనక సామాన్లు మోసే సేవకుడి వేషంలో సెవరిన్. మరి కాస్త వెనక హోఫ్‌రాట్ రొప్పుతూ, మెలిటా ఏమాత్రం రొప్పకుండా వస్తున్నారు.

రాళ్ళు దాటడానికి మంత్రి తుపాకిని సెవరిన్ చేతికిచ్చాడు. శనివారంనుంచి పెట్టె తాళం మెలిటా దగ్గరే ఉండడంతో, తుపాకి పూర్తయ్యాక దాన్ని పట్టుకోవడం అతనికి అదే మొదటిసారి. బొటనవేలు దానంతటదే గొట్టం అంచు వెంట నడిచింది. బడిలో అబ్బిన అలవాటు అది, ఎదుటివాడి పనిలో తప్పు వెదికే అలవాటు.

గోరు దిగింది.

ఇనుముకీ కర్రకీ మధ్య సందు! సెవరిన్ గుండె పండగ చేసుకుంది. ఆల్బిన్ ఒరాష్ పనిలో సందు! ఇన్నేళ్ళుగా ఈ ఒక్కదానికోసమే కదా కళ్ళు కాయలు కాచేలా చూసింది. మాస్టార్లంతా బతికుంటే వరసగా నిలబెట్టి అందరి గోళ్ళూ అందులో పెట్టించేవాడు. మంత్రి చెయ్యి చాచి తుపాకి అందుకుంటున్నా అతనింకా ఆ ఆనందంలోనే ఉన్నాడు.

నాలుగడుగులు వేశాక ఠక్కున ఆగాడు. ఆల్బిన్ పనిలో సందు ఎలా ఉంటుంది?

ఉండదు. నిద్రలో చేసినా ఉండదు. కర్ర తడిసి ఉబ్బిందనుకుందామంటే దానికి నూనె పట్టించింది తనే. కర్ర ఆల్బిన్‌దే అయితే, ఇనుము అతనిది కాదు.

ఎదుటి రాతిమీద మగ కొండమేక వచ్చి నిలబడింది. జెప్ వేలెత్తి సైగ చేశాడు. మంత్రి తుపాకి భుజానికి ఆనించాడు. అతను పది అడుగుల దూరంలో, రాతి అంచు మీద ఉన్నాడు. పరుగెత్తి వెళ్ళి పట్టుకునే వీల్లేదు. వేలు ట్రిగ్గరు మీద పడింది.

సెవరిన్ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు.

మేక ఒక్క దూకుతో మంచులో మాయమైంది. లోయంతా ఈల మార్మోగింది. జెప్ టోపీ తీసి, చావు చూసినవాడిలా నిలబడిపోయాడు. కాల్చబోయే అతిథి ముందు మృగాన్ని బెదరగొట్టినవాణ్ణి ఆ లోయలో వాడి మనవలదాకా క్షమించరు.

"వెధవా!" అన్నాడు మంత్రి, దౌత్యమంతా మరిచిపోయి.

"కాల్చకండి! ఆ తుపాకి చంపేది మేకని కాదు, మిమ్మల్ని."

మెలిటా ముందుకొచ్చింది. "హోఫ్‌రాట్ గారూ, ఇతనికి ఆల్బిన్ మీద ఎంత కుళ్ళో ఊరంతా తెలుసు. వాణ్ణి జైలుకి పంపినా చాలలేదు, ఇప్పుడు వాడి తుపాకిమీద పడ్డాడు."

"కుళ్ళు ఉంది," అన్నాడు సెవరిన్. "అందుకే తెలిసింది. జెప్ తాతా, లాంతరు వెలిగించు."

తూటాలు తీసేసి, మరలు విప్పి, ఇనుమును కర్రలోంచి బయటికి తీశాడు. లాంతరు పొగలో నల్లగా మసి పట్టించాడు. కర్రలోకి దించి పైకెత్తాడు. మూడంటే మూడుచోట్ల నలుపు అంటింది. మిగతా గాడంతా పాలపిట్ట గుడ్డులా శుభ్రంగా ఉంది.

"దీని అర్థమేమిటి?" అన్నాడు హోఫ్‌రాట్.

"ఈ కర్రను తొలిచింది ఈ ఇనుము కోసం కాదు. గద్ద ముద్రతో సహా నకలు చేసి, అసలుది తీసేసి ఇది పెట్టారు. పరీక్ష నెగ్గిన గొట్టం వేరే ఎక్కడో ఉంది. ఇది కాలిస్తే పగిలిపోయేలా చేసింది."

"మార్చింది ఆల్బినే కావచ్చుగా?"

ఔనంటే సరిపోయేది. రిపోర్టు నిలబడేది, ఆల్బిన్ జైల్లోనే కుళ్ళేవాడు. సెవరిన్ నోరు తెరిచాడు. దవడపన్ను పీకించుకుంటున్నట్టు ఒక్కో మాటా బయటికొచ్చింది.

"కాదు. వాడికి చెడ్డగా అమర్చడం చేతకాదు. చంపడానికి చేసే తుపాకైనా సరే, సందు పోయేదాకా గీస్తూ కూర్చునేవాడు. ఫెర్లాఖ్‌లో వాడంత పనివాడు లేడు. నేను కూడా కాను. నా రిపోర్టు తప్పు. వాడు తాళంచెవి ఇచ్చాడు, నిజమే. ఎవరికిచ్చాడో ఆమెని చూడక, ఇచ్చినవాడినే చూశాను. పెట్టె తాళం కూడా ఆమె దగ్గరే ఉంది."

అందరి చూపులూ మెలిటా వైపు తిరిగాయి. ఆమె నక్కతోలు కోటులోంచి చిన్న పిస్తోలు అప్పటికే బయటికొచ్చింది.

"ఎవరూ కదలొద్దు. సరిహద్దు ఆ గట్టు అవతలే."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. హోఫ్‌రాట్ కొండ ఎక్కే చేతికర్ర వంపు ఆమె చీలమండకి తగులుకుంది. పిస్తోలు గాల్లోకి పేలింది. ముసలి జెప్ ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. పోయిన మేక మీది కోపమంతా ఆ పట్టులో ఉంది.

"మన జీతమే ఎక్కువనుకున్నానే," అన్నాడు హోఫ్‌రాట్ దిగులుగా.

అసలు గొట్టం ఆమె కారు డిక్కీలో దొరికింది. సోమవారం మంత్రి సంతకం పెట్టాడు. పెట్టి, మరో తుపాకి కావాలన్నాడు. అదే కాలిబరు, అదే ఆల్బిన్ చేతి పని.

జైలునుంచి వచ్చిన ఆల్బిన్ గుమ్మంలో కూర్చుని స్నాప్స్ సారా తాగుతున్నాడు. సెవరిన్ దూరంగా నిలబడ్డాడు, కొడితే కొట్టించుకుందామని సిద్ధపడి.

"పట్టించింది నువ్వేనటగా?"

"నేనే."

"విడిపించిందీ నువ్వేనట. ఫెర్లాఖ్‌లో నా అంతవాడు లేడన్నావట. ఎవరైనా గోళ్ళు పీకారట్రా?"

"లేదు. నేనే అన్నాను."

ఆల్బిన్ గ్లాసు నింపి అతనివైపు తోశాడు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది. "ఆ తాళంచెవి ఎందుకిచ్చానో తెలుసా? ఆమె నావైపు చూస్తుందేమోనని. వచ్చినప్పుడల్లా అడిగింది నీ గురించేరా. సెవరిన్ ఎక్కడ, ఎవర్ని కలుస్తాడు, సాయంత్రాలు ఏం చేస్తాడు... నిన్ను చూస్తే ఒళ్ళు మండిపోయేది. అందుకే నూనె గుడ్డ నీ చేతికిచ్చాను."

గూఢచారిని గూఢచారి ఆరా తీయడం వృత్తి ధర్మమని సెవరిన్‌కి తెలుసు. ఆ ముక్క ఆల్బిన్‌కి చెప్పాల్సింది కూడా.

చెప్పలేదు. గ్లాసు నెమ్మదిగా ఖాళీ చేసి, వీధిలోకి వచ్చి, హోఫ్‌రాట్ ఇవ్వబోయే పతకం అప్పుడే మెడలో పడ్డవాడిలా ఈల వేసుకుంటూ ఇంటికి నడిచాడు.