పీచు పలకల కింద

ఆ టెస్టింగ్ లేబులో పలకలు విరిగేది మెషీన్ వల్ల కాదనీ, అక్కడ పరీక్షలు చేసే అమ్మాయి కోరచూపుకేననీ, మెషీన్ ఉత్త అలంకారమనీ చెప్పుకునేవారు. కోతలే అనుకోండి. కానీ ఆ రోజు ఒక మేస్త్రి తెచ్చిన కాంక్రీటు పలక మాత్రం బరువు పడీ పడకముందే రస్కు ముక్కలా పొడైపోయింది.

"కాస్త మెల్లగా నొక్కాల్సింది మేడమ్," అన్నాడతను.

"మెల్లగా నొక్కితే మెల్లగా విరిగేది. ఏం కలిపారు ఇందులో?"

"కొబ్బరి పీచు, పారేసిన థర్మోకోల్ తురుము. తేలిగ్గా ఉండాలని."

"తేలికే. ఊదితే ఎగిరిపోయేట్టుంది."

అతను నవ్వలేదు. ముక్కలు ఏరుకుంటూ, "మా అక్కకి ఇంటికప్పు వెయ్యాలి," అన్నాడు. "పాత స్లాబు కూలి బావ పోయాడు. అప్పట్నుంచీ అక్క ఎండయినా వానయినా వాకిట్లోనే. ఏ కప్పు కిందికీ రాదు."

నోటిదాకా వచ్చిన వెటకారాన్ని ఆ అమ్మాయి మింగేసింది. ఒక ముక్క తీసి గోటితో గీకింది. పిండిలా రాలింది.

"పీచు ఎప్పటిది?"

"అప్పుడే ఒలిచిన కాయలది. తాజాదైతే బలంగా ఉంటుందని."

"కూరగాయలు ఏరినట్టు ఏరారా? పచ్చి పీచులో తీపి రసం ఉంటుందండీ. అది తగిలితే సిమెంటు గట్టిపడదు. ఉడకబెట్టి, కడిగి, ఆరబెట్టాలి."

ఆదివారం అతని షెడ్డుకి తనే వచ్చింది. డ్రమ్ములో పీచు ఉడుకుతుంటే ఇద్దరూ చెరో కర్రతో కలిపారు. పొగకి కళ్ళు మండి ఒకరినొకరు సరిగ్గా చూసుకోలేకపోయారు. చూసుకున్నంత మటుకు చాలింది.

"సెలవు పూట మీకెందుకండీ ఈ శ్రమ?"

"మళ్ళీ విరిగితే మీ మొహం చూడలేను. అందుకు."

ఈసారి పలక కావలసినదానికి మించే మోసింది. చివరికి పగిలినా ఊడిపడలేదు. లోపలి పీచు పట్టుకునే ఉంది.

గదికి కప్పు వేశారు. పలక ఎంత బరువు మోసిందో ఆ అమ్మాయి వచ్చి చెప్పినా అక్క గడప దాటలేదు.

"మీ మెషీన్ల మాట నాకెందుకమ్మా," అంది.

ఆ అమ్మాయి చాప తీసుకుని లోపలికెళ్ళి, కప్పు కింద వెల్లకిలా పడుకుంది. సరిగ్గా అప్పుడే వాన దిగింది, ఆకాశానికి చిల్లు పడ్డట్టు. మేస్త్రి వాకిట్లోంచి ఒక అడుగు వేసి ఆగాడు. లేవమంటే తన పలకని తనే నమ్మనట్టు. ఊరుకుంటే ప్రాణం ఊరుకోవడం లేదు.

గుమ్మంలోంచి అక్క అడిగింది. "భయం లేదూ నీకు?"

"ఉంది వదినా. చేసింది మీ తమ్ముడు కదా. అయినా పడుకున్నాను."

వదినా అన్న పిలుపు విని అక్క తమ్ముడి వైపు తిరిగింది. అతను గోడ వైపు తిరిగాడు. ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని లోపలికి వచ్చి, చాప మీద ఆ పిల్ల పక్కన ఒరిగి, చెయ్యి గట్టిగా పట్టుకుంది. చాలాసేపు కప్పు వంకే చూసింది.

"రేయ్ తమ్ముడూ," అంది చివరికి. "వీళ్ళ అమ్మానాన్నలతో నేను మాట్లాడతా. ముందా తలుపు దగ్గరగా వెయ్యి. జల్లు కొడుతోంది."

అతను తలుపు వేశాడు. వేశాక గాని తను బయట ఉండిపోయిన సంగతి తెలియలేదు. తెలిసినా తలుపు తట్టలేదు. తడుస్తూ అక్కడే నిలబడ్డాడు.