నేలను చూసే కెమెరా

ఆ ఉదయం ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. పిండకుండా ఆరేసిన గుడ్డలా వేలాడుతూ, ఉండుండి నాలుగు చుక్కలు రాల్చింది. కెమెరా బిగించడానికి నిచ్చెనను బండికి కట్టుకుని మెల్లగా వెళ్లేసరికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది.

గుమ్మంలో ఆమె నిలబడి ఉంది. మెడలో ఆసుపత్రి ల్యాబ్ కార్డు, చేతిలో హెల్మెట్.

"తొమ్మిదింటికి వస్తానన్నారు."

"వాన."

"వాన మా ఇంటి మీదా పడిందండీ. నేను టైముకే రెడీ అయ్యాను."

"మీకు నిచ్చెన లేదు కదా."

ఆమె నిచ్చెన వంక చూసింది, నా వంక చూసింది. నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. "సరే, లోపలికి రండి. నిచ్చెనతో సహా."

హాల్లో కుర్చీలో వాళ్ల నాన్నగారు కూర్చుని ఉన్నారు. పక్కన చేతికర్ర. అరచేతులు చూడగానే తెలిసింది, సిమెంటు తిన్న చేతులు. మేస్త్రి.

"ఎక్కడ కొడతావ్ రంధ్రం?" అన్నారు.

చూపించాను.

"అక్కడ కొడితే లోపల వైరు పైపుకి తగులుతుంది. ఇల్లంతా చీకటే. ఈ గోడ కట్టింది నేనురా అబ్బాయ్. జానెడు ఎడమకి జరుగు."

జరిగాను. రంధ్రాల కొలత కాగితం గోడకి అంటించి, డ్రిల్లు కింద పాత కవరు మడిచి పట్టుకున్నాను, దుమ్ము నేల మీద పడకుండా. అది ఆమె గమనించింది. గమనించినట్టు కనపడకూడదని వెంటనే ఫోన్ చూసుకుంది.

కెమెరాను పైమూల బిగించాను. ఆమె ఫోన్‌లో హాలంతా వచ్చింది, వంటగది గుమ్మం దాకా.

"రెండు నెలల కింద నాన్న అదిగో, ఆ గుమ్మం దగ్గర పడిపోయారు," అంది గొంతు తగ్గించి. "నేను డ్యూటీ నుంచి వచ్చేదాకా మూడు గంటలు అలాగే పడున్నారు. ఇది పనిచెయ్యకపోతే నేను ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవాలి. అర్థమైందా?"

"పనిచేస్తుంది."

"మీరు రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతారండీ? ఏమన్నా కోటా ఉందా?"

డ్రిల్లు సంచిలో పెట్టుకున్నాను.

*

రెండో రోజే ఫోన్. "మౌనముని గారూ, మీ కెమెరా మా ఫ్యాను చూపిస్తోంది. నేనేమీ ఫ్యానుకి బెంగ పెట్టుకోలేదు."

వెళ్లేసరికి ఆమె డ్యూటీలో ఉంది. కెమెరా మెడ తిరిగి పైకప్పు చూస్తోంది. స్క్రూ మాత్రం బిగువుగానే ఉంది. కెమెరా ఒంటి మీద సన్నటి బూజు పోగు. తలుపు వెనక బూజుకర్ర ఉంది.

నేను కర్ర చూశాను. మేస్త్రి గారు నన్ను చూశారు.

"మా ఇన్‌స్పెక్టర్‌కి చెప్తావా?" అన్నారు.

మా ఇన్‌స్పెక్టర్ అంటే కూతురు.

"ఎందుకు తిప్పారు మేస్త్రి గారూ?"

 ఆయన కుర్చీ చేతుల మీద బలం వేసి లేవబోయారు. ముందుకి ఊగారు, కూలబడ్డారు. మళ్లీ ఊగారు. మూడోసారి నడుము లేచింది గానీ మోకాళ్లు ఒప్పుకోలేదు. సాయం పట్టబోతే కళ్లతోనే ఆపేశారు. నాలుగోసారికి నిలబడ్డారు, ఆయాసంతో.

"రోజుకి పది పన్నెండుసార్లు ఇదే తంతు. మూడంతస్తులు ఇటుకలు మోసినవాణ్ణి. దీన్ని నా కూతురు ఆసుపత్రిలో కూర్చుని ఫోన్‌లో చూడాలా? తనని భుజాన ఎక్కించుకున్న నాన్నగా చూసిందిరా అది నన్ను."

"పడితే?"

"పడితే చూడొద్దని అన్నానా? లేవడం చూడొద్దన్నాను."

కెమెరాను సరిచేసి, ఆమెకి ఫోన్ చేశాను. "స్క్రూ వదులైందండీ." సొంత పనిని తప్పుపట్టుకోవడం ఎంత చేదుగా ఉంటుందో పనిచేసేవాళ్లకే తెలుస్తుంది.

నాలుగు రోజులకి మళ్లీ ఫ్యాను. ఇంకో నాలుగు రోజులకి ఇంకోసారి. అప్పుడు ఆమె సెలవులో ఇంట్లోనే ఉంది.

"మీకు స్క్రూ బిగించడం రాదా, లేక మా ఇంటికి రావడం అలవాటైందా?"

"బిగించాను."

"బిగించిన స్క్రూ నాలుగు రోజులకోసారి వదులవుతుందా? మా ఇంట్లో దెయ్యం ఉందా?"

మేస్త్రి గారు పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నారు.

ఆమె నా కళ్లముందే మా షాపు ఓనర్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు చేసింది. చేస్తున్నంతసేపూ నేను నోరు విప్పలేదు. సాయంత్రం ఓనర్ విప్పాడు. "ఇంకొక్క కంప్లయింట్ వస్తే టూల్స్ సంచి ఇక్కడ పెట్టేసి నీ దారి నువ్వు చూసుకో."

*

మర్నాడు పొద్దున్నే నేనే వెళ్లాను. ఎవరూ పిలవలేదు. ఆమె అప్పుడే డ్యూటీకి వెళ్లింది.

"మేస్త్రి గారూ, కెమెరా కిందికి దించుదాం."

"తీసేస్తావా?"

"కాదు. నేల నుంచి అడుగు ఎత్తులో పెడదాం. నేల, పాదాలు కనపడతాయి. మోకాలి పైకి కనపడదు. మీరు లేస్తే కనపడరు, పడితే కనపడతారు."

 ఆయన కర్రతో గోడ మీద తట్టుకుంటూ వెళ్లి, పుస్తకాల అర కింద ఒకచోట ఆగారు. "ఇక్కడ కొట్టు. ఇటుక గట్టిది. పాత రంధ్రాలు పూడ్చడానికి సిమెంటు మాల్ నేను కలుపుతా."

నేల మీద బోర్లా పడుకుని బిగించాను. నిచ్చెన లేకుండా కెమెరా పెట్టడం అదే మొదటిసారి. కరెంటు ఇచ్చాను, ఎర్ర లైటు పచ్చగా మారింది. పై రంధ్రాలు పూడ్చడానికి నిచ్చెన ఎక్కాను. ఆయన కింద నిలబడి, మాల్ కొంచెం పల్చగా ఉంది అంటూ, ఎంత పెట్టాలో చెబుతున్నారు.

"ఇంతకీ మా అమ్మాయి అన్ని మాటలంటుంటే ఎందుకు ఊరుకున్నావురా?"

"అవి కోపం మాటలు కావు."

"మరి?"

"ఫోన్‌లో తిడుతూ కూడా మీరు పడిన గుమ్మం వైపే చూస్తున్నారు. అది భయం. మీరు లేవడానికి నాలుగుసార్లు ఊగుతారని, అది తనకి కనపడకూడదని మీరన్నారని ఎలా చెప్తాను? చెప్పకపోతే నా స్క్రూ వదులు. అంతేగా."

"అంతేనా?"

"బండి స్టార్ట్ చేశాక మూడుసార్లు వెనక్కి చూస్తారావిడ. మీరు కిటికీలో చెయ్యి ఊపితేనే కదులుతారు."

"అబ్బో, లెక్కపెట్టావన్నమాట. ఇంకేం చూశావ్?"

"ఎడమ చెప్పు పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకున్నారు. వారం నుంచీ అలాగే తిరుగుతున్నారు."

పుస్తకాల అర కింద నుంచి, కెమెరా స్పీకర్లో ఆమె గొంతు వచ్చింది.

"నా పిన్నీసు సంగతి ఆయనకెందుకు నాన్నా?"

నిచ్చెన మీద నా కాలు జారింది. చేతిలోని తాపీ కిందపడింది. అన్ని ఇళ్లలో ముందు మైకు ఆపి, అప్పుడు కరెంటు ఇచ్చేవాణ్ణి. బోర్లా పడుకుని చేసిన పనిలో ఆ ఒక్కటీ మరిచాను.

మేస్త్రి గారు కెమెరా వైపు తిరిగి నిలబడ్డారు, కోర్టులో నిలబడ్డట్టు.

"ఎప్పట్నుంచి వింటున్నావే?"

"'మాల్ కొంచెం పల్చగా ఉంది' దగ్గర్నుంచి."  గొంతు మెత్తబడింది. "నాన్నా, నువ్వు లేస్తుంటే చూసి నవ్వుతాననుకున్నావా?"

"నవ్వితే పర్వాలేదే. ఏడుస్తావు."

 అవతల ముక్కు చీదిన చప్పుడు స్పష్టంగా వచ్చింది. మంచి మైకు.

*

మధ్యాహ్నం నేను పూడ్చిన చోట రంగు వేస్తుండగా ఆమె గంట పర్మిషన్ పెట్టి వచ్చేసింది. హెల్మెట్ తియ్యకుండానే గోడ దగ్గర కూర్చుని చూసింది.

"కెమెరా ఎవరైనా ఇలా పెడతారా? పిల్లి పెట్టినట్టుంది."

 ఆమె హెల్మెట్ తీసి, ఫోన్ నా చేతిలో పెట్టి, వంటగది గుమ్మం దగ్గరికి వెళ్లి, నాన్న పడిన చోటే నేల మీద పడుకుంది.

"కనపడుతున్నానా?"

"కనపడుతున్నారు."

"మొత్తం?"

"మొత్తం."

"మొహం కూడా?"

ఫోన్‌లో ఆమె చెంప నేలకి ఆని ఉంది. వానకి తడిసిన జుట్టు కళ్ల మీద పడింది. "మొహం కూడా" అన్నాను.

"అయితే ఫోన్‌లో కాదు. ఇటు చూడండి."

చూశాను. ఇద్దరిలో ఎవరు ముందు చూపు తిప్పుకున్నామో నాకు గుర్తులేదు.

ఆమె లేచి దుమ్ము దులుపుకుంది. "మీ ఓనర్‌కి దారిలోనే ఫోన్ చేశాను. స్క్రూ తప్పు కాదు, ఫిర్యాదు తప్పని చెప్పాను." ఆగింది. "మీకు నేరుగా చెప్పలేదు కదా. సారీ."

"పర్లేదు."

"ఇక కెమెరా తిరగదు. అంటే మీరు రారు."

"పాడైతే వస్తాను."

"పాడవకపోతే?"

నా కోటాలో ఆ రోజుకి ఒక్క మాటే మిగిలింది. అదే వాడాను. "వస్తాను."

"ఎందుకొచ్చావని నాన్న అడిగితే?"

"అడగనులే!" వంటగదిలోంచి మేస్త్రి గారు కేకేశారు. "కంచాలు మూడు పెట్టాను. మాటలయ్యాక రండి."

ముగ్గురం కూర్చున్నాం. బయట చినుకు ఇంకా తేల్చుకోలేదు. ఆమె వడ్డించింది. మాట్లాడాల్సినదంతా ఆ పూటకి అయిపోయింది.

సగంలో మేస్త్రి గారు మంచినీళ్ల కోసం లేవబోయారు. కుర్చీ కిర్రుమంది. కూలబడ్డారు. మళ్లీ కిర్రుమంది. ఆమె చెయ్యి కంచంలో ఆగింది. నేను తల ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. బల్ల కింద ఆమె పాదం జరిగి వచ్చి నా పాదాన్ని ఆనుకుని గట్టిగా నొక్కింది, ఆయన నాలుగోసారికి లేచి నిలబడేదాకా.

నీళ్లు ఆయనే తెచ్చుకున్నారు. మేం అన్నం కలుపుకుని తిన్నాం. అర కింద పచ్చలైటు వెలుగుతూ ఉంది.