రుజువు కావాలన్నారుగా!

"ఇది డాక్టర్లకి మాత్రమేనండీ," అన్నాడు ఆసుపత్రి లైబ్రేరియన్, తల ఎత్తకుండానే.

"బోర్డు చదివే వచ్చాను," అంది పిల్లల వార్డు నర్సు, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "గెంటేస్తారా?"

అప్పుడు తల ఎత్తాడు. మళ్ళీ దించడం అతనివల్ల కాలేదు. వానకి తడిసిన జుట్టు, ఎర్రబడ్డ కళ్ళు.

"ఏం కావాలి?"

"రుజువు."

పొద్దున నాలుగేళ్ళ పాపకి సెలైన్ సూది గుచ్చేముందు పెద్ద డాక్టరు తల్లిని బయటికి పంపేశాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది. తల్లిని ఉండనివ్వమని నర్సు అడిగితే, "నాకే పాఠాలా? రుజువుంటే పట్టుకురా, లేకపోతే నోరు మూసుకో," అన్నాడు అందరిముందూ.

అంతా విని లైబ్రేరియన్ మానిటర్ ఆమెవైపు తిప్పాడు. "దీనికి లైబ్రరీ కూడా అక్కర్లేదు. ఈ వైద్య వ్యాసాల డేటాబేస్ ఫ్రీ. మీ ఫోన్లోనూ వస్తుంది."

"మరి ఇందాక పొమ్మన్నారు?"

"రూలండీ. మిమ్మల్ని చూశాక అది తప్పని తేలింది."

"ఏ జర్నల్లో తేలింది?"

అతను నవ్వాపుకుని పని నేర్పాడు. 'పిల్లల ఏడుపు' అని ఇంగ్లీషులో కొడితే వేలకొద్దీ వ్యాసాలు వచ్చిపడ్డాయి. 'పిల్లలు', 'సూది', 'తల్లి' మూడూ కలిపి, పూర్తి వ్యాసం ఉచితం అన్నచోట టిక్ పెట్టాక ఆరు మిగిలాయి. అయిదింటిలో తల్లి దగ్గరుంటే పిల్లలకి బెదురు తగ్గిందనే ఉంది. ఆరోది మాత్రం పెద్ద తేడా ఏమీ లేదంది.

"దీన్ని వదిలేద్దాం," అంది నర్సు.

"కుదరదు. అదీ పట్టుకెళ్ళాలి."

"అసలు మీరెవరి పక్షం?"

"మీ పక్షమే. అందుకే చెప్తున్నా."

ఆమె విసురుగా లేచి వెళ్ళిపోయింది. గుమ్మం దాటి, ఓ నిమిషం వానకేసి చూసి, వెనక్కొచ్చింది. "ఆరూ ప్రింట్ తీయండి."

గురువారం స్టాఫ్ మీటింగులో నర్సు ఇచ్చిన ఆ కాగితాలు చూసి పెద్ద డాక్టరు మండిపడ్డాడు. "నర్సుని లైబ్రరీలోకి ఎవరు రానిచ్చారు?"

"నేనే సార్," లేచి నిలబడ్డాడు లైబ్రేరియన్. "రేపొచ్చినా రానిస్తాను."

"నీ ఉద్యోగం ఏమవుతుందో తెలుసా?"

"తెలుసు సార్. ముందు అవి చదవండి."

డాక్టరు కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆరో వ్యాసం దగ్గర ఆగాడు. "ఇది నీకు వ్యతిరేకం కదమ్మా?"

"ఉన్నదంతా తెచ్చాను సార్. దాచుకోడానికి నాకేం లేదు."

ఆయన చివరిదాకా చదివి కళ్ళజోడు తీశాడు. "నెల రోజులు తల్లుల్ని ఉండనిద్దాం. చూద్దాం."

ఇద్దరూ కారిడార్లోకి వచ్చారో లేదో ఆమె ఫోన్ మోగింది.

"అమ్మా, ఆ సంబంధం వద్దని చెప్పెయ్. నాకొకతను నచ్చాడు... లేదు, ఇంకా అడగలేదు. ఉండు, అడిగి చెప్తా." ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి అతనికేసి తిరిగింది. "మా అమ్మ లైన్లో ఉంది. త్వరగా చెప్పండి."

పెద్ద డాక్టరు ముందు బెదరని మనిషి ఇప్పుడు రెండుసార్లు కాలరు సర్దుకున్నాడు. అప్పుడు ఫోన్ అందుకున్నాడు.

"నమస్కారం అత్తయ్యా."