రన్‌వే మీద మగ్గు నీళ్ళు

"పెరుగు పులిసింది."

ఫోన్‌లో కల్నల్ గొంతు. మనవాడొకడు పోయాడని ఆ మాటకు అర్థం. ఏజెంట్ ఒగ్న్యాన్ కాఫీ కప్పు కింద పెట్టాడు.

"ఎవరు సార్?"

"స్టామెన్. నల్లసముద్రం ఒడ్డున ఎయిర్‌పోర్టులో రన్‌వే కడిగే లారీ డ్రైవర్ వేషంలో ఉన్నాడు. మెడలో విషపు సూది. పదకొండూ నలభైకి శాంతి చర్చల విమానం అక్కడే దిగుతోంది. ఇక ఆ లారీ నువ్వే నడపాలి."

పదకొండుంపావుకల్లా ఒగ్న్యాన్ నారింజ కోటు, పెట్టుడు మీసంతో రన్‌వే మొదట్లో ఉన్నాడు. విమానాలు దిగేచోట టైర్ల రబ్బరు నల్లగా పేరుకుంటుంది. నీటి జెట్‌తో దాన్ని లేపకపోతే వానలో చక్రాలకు పట్టు దొరకదు. సముద్రం మీద మబ్బు కమ్ముకొస్తోంది.

ఆ పట్టు కొలిచే కారు బొగ్దానాది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర స్కార్ఫు. తమ సంస్థ మనిషే. ఒకప్పుడు ఒగ్న్యాన్ పెళ్ళాడాలనుకున్న మనిషి కూడా. పట్టు భేషుగ్గా ఉందని పొద్దున్నే రిపోర్టిచ్చింది.

లారీ కదలబోతుంటే హెల్పర్ త్సొంకా అడ్డొచ్చింది.

"ఆగు నాయనా! పనికి బయల్దేరేవాడి ముందు నీళ్ళు పొయ్యొద్దూ? అంతా నీళ్ళలా సాఫీగా సాగాలి. నిన్న స్టామెన్‌కి మర్చిపోయాను, పాడుముండని. చూడు ఏమైందో!"

"నీ తప్పేం లేదు పిన్నీ."

ఆమె ఏడుస్తూనే మగ్గు నీళ్ళు కాంక్రీటు మీద కుమ్మరించింది. నీళ్ళు పరుచుకోలేదు. చేమాకు మీద పడ్డట్టు బొట్లుబొట్లుగా దొర్లిపోయాయి.

ఒగ్న్యాన్ వంగి వేలితో రాసి చూశాడు. రంగు లేని జారుడు పూత. కొలిచే కారుకు ఇది తెలియకపోవడం అసాధ్యం. అతని గుండె చెరువైంది.

పదకొండూ ముప్పై ఆరు. ఒగ్న్యాన్ పరుగున వెళ్ళి ఆ కొలిచే కారు తలుపు తీశాడు.

"ఎందుకు బొగ్దానా?"

"ఈ చర్చలు గిట్టనివాళ్ళ దగ్గర నా తమ్ముడు బందీగా ఉన్నాడు. విమానం క్షేమంగా ఉంటే వాడుండడు."

"మరి స్టామెన్?"

"పూత సంగతి పసిగట్టాడని వాళ్ళకి చెప్పింది నేనే. చంపుతారనుకోలేదు."

"లారీ డ్రైవర్ చెబితే టవర్ వినదు. రన్‌వే మూయించాలంటే నీ గొంతే కావాలి. పైన తొంభై రెండు మంది ఉన్నారు."

వాన మొదలైంది. మబ్బులోంచి విమానం దీపాలు బయటపడ్డాయి. ఒగ్న్యాన్ పిస్తోలు తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

బొగ్దానా కళ్ళద్దాలు తీసి మైకు అందుకుంది.

"టవర్! రన్‌వే మీద పట్టు లేదు. దిగనివ్వొద్దు, పైకి పంపండి!"

చక్రాలు నేలకు బారెడు ఎత్తులో ఉండగా విమానం గర్జించి పైకి లేచింది.

ఆమె తమ్ముడి నంబరుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. తొమ్మిదోసారికి ఒగ్న్యాన్ ఆమె చేతిలోంచి ఫోన్ తీసుకుని, సంకెళ్ళు వేశాడు. ఇద్దరూ ఏడ్చారు.

సాయంత్రం ఆ తమ్ముడి శవం రేవులో తేలింది.

"శభాష్!" అన్నాడు కల్నల్. "రిపోర్టులో ప్రాణనష్టం సున్నా అని రాసెయ్."

ఒగ్న్యాన్ రాసేశాడు. ఏం చేస్తాడు, ఆ ఫారంలో విమానంలో ఉన్నవాళ్ళ గురించే అడిగారు మరి.