వెలుగు కండువా

"ఆగకండి బాబాయ్ గారూ, నడవండి! నా కారుకేసి చూడొద్దు, మామూలుగా నడవండి!"

ఫోన్లో మృణాళిని కేక వేసింది. తెల్లవారుజామున ఐదైంది. నేలపూడిలంక కాలవగట్టు రోడ్డంతా మంచు. అబ్బులుకి తన చెయ్యి తనకే కనబడటం లేదు. అర కిలోమీటరు అవతల కారు లైట్లు మాత్రం మసగ్గా తెలుస్తున్నాయి. ఆ కారు తోలుతున్నది మృణాళినే. కాకినాడలో సైంటిస్టు. అబ్బులు భుజం మీదున్న కండువా ఆవిడ నేయించినదే.

ముప్పై అయిదేళ్లు లారీ తోలిన మనిషి అబ్బులు. ఇప్పుడు ఒంట్లో షుగరు. "రోజూ ఆరు కిలోమీటర్లు నడవండి. మూడు నెలల సగటు ఏడు లోపుకి దిగితే వారానికో పూతరేకు తినొచ్చు" అన్నాడు డాక్టరు. ఇందులో నవ్వడానికేమీ లేదు. అబ్బులు భార్య శేషారత్నం చేతి పూతరేకులంటే ఆ చుట్టుపక్కల పెళ్లివాళ్లు నెల ముందే చెప్పి ఉంచుతారు. బోర్లించిన కుండ మీద పిండిగుడ్డ పరిచి ఆవిడ రేకు తీస్తుంటే అబ్బులు పక్కనే కూచుని పొయ్యి ఎగదోస్తాడు. మూడేళ్లుగా ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. నెయ్యీ బెల్లం వేసి చుట్టేటప్పుడు ఆవిడ మొగుడి మొహంకేసి చూడదు. చూస్తే ఏడుపొస్తుంది మరి!

పగలంతా పొయ్యి దగ్గర పనే. నడకకి తీరిక ఆ తెల్లవారుజామునే. పోయిన నెల పాలవ్యాను ఒకటి అబ్బులు మోచెయ్యి గీరుకుంటూ పోయింది. "పూతరేకూ వద్దు, నడకా వద్దు. మనిషి మిగిలితే చాలు" అని శేషారత్నం చెప్పులు దాచేసింది. సరిగ్గా అప్పుడే మృణాళిని తన కండువా పరీక్షించడానికి మనిషి కావాలంటూ ఊళ్లోకి దిగింది.

"చీకట్లో జరిగే పొరపాటేంటో చెప్పనా అమ్మాయ్?" అన్నాడు అబ్బులు మొదటిరోజే. "నడిచేవాడికి బండి కనబడుతుంది. కాబట్టి బండివాడికి తనూ కనబడ్డాననుకుంటాడు. కొంప మునిగేది అక్కడే. నేను తోలినన్నాళ్లూ చూశాను కదా, మనిషి బంపరు ముందుకొచ్చేదాకా తెలిసేది కాదు."

మృణాళిని కండువా కిటుకు అర్థం కానిదేం కాదు. దారం నిండా కంటికానని గాజుపూసలుంటాయి. వాటి మీద లైటు పడితే, వచ్చిన దారినే వెనక్కి పంపిస్తాయి, చీకట్లో పిల్లికళ్లు మెరిసినట్టు. దట్టమైన మంచులో అది చాలదు. అందుకని అంచులో ఒక రేడియో దారం నేశారు. "ఇక్కడో మనిషున్నాడు" అని అది ఎదురొచ్చే బండికి చెబుతుంది. అప్పటికి అన్ని బండ్లకీ ముందు అద్దం మీద బొమ్మ పడే ఏర్పాటు వచ్చేసింది. సరిగ్గా మనిషి ఉన్నచోట అద్దం మీద వెలుగుచుక్క వెలుగుతుంది. ఇదికాక ఆ దారం అడుగులు కూడా లెక్కపెడుతుంది.

ఆ పొద్దు పరీక్ష నెగ్గింది. మర్నాడే వచ్చింది తంటా. అరటిగెలల వ్యాను డ్రైవరు మంచులో ఊగుతూ వచ్చే చుక్కని చూసి, కొరివిదయ్యమనుకుని, బండి ఆపి దూకి, అరటితోటలో పడి ఒకటే పరుగు! వాణ్ణి బతిమాలి తీసుకొచ్చేసరికి తెల్లారింది.

"చుక్కని చూస్తే జడుసుకుంటాడు, మనిషిని చూస్తే తమాయించుకుంటాడు" అన్నాడు అబ్బులు. "మొహం పెట్టమ్మాయ్."

పెట్టింది. ఇకనుంచి ఎదురొచ్చే బండి అద్దం మీద నడిచేవాడి మొహం పౌర్ణమి చంద్రుడంత పడుతుంది. ఊళ్లో నలభైమందికి నలభై కండువాలు పంచారు. శేషారత్నం చెప్పులు బయటికి తీసింది. అబ్బులు హుషారుగా బయల్దేరాడు.

నూరడుగులు వేశాడో లేదో, కారొకటి పక్కనే ఆగింది. "అబ్బులుగారూ! మీరేనా అండి? చలిలో నడవడమేంటండీ, ఎక్కండి!"

"లేదు బాబూ, డాక్టరు నడవమన్నాడు..."

"ఏం, మా బండి ఎక్కరా? అంత పరాయివాళ్లమైపోయామా?"

అదిగో, ఆ మాటకి ఇక అప్పీలు లేదు. చీకట్లో కనబడనంతకాలం ఎవరి దారి వారిది. మొహం కనబడ్డాక తెలిసినవాణ్ణి రోడ్డు మీద వదిలేసి పోవడం కోనసీమలో ఎవరివల్లా కాదు. అబ్బులు మాత్రం తోలినన్నాళ్లూ ఎవర్నయినా వదిలేశాడా? ఎక్కాడు. దిగాక టీ కూడా తాగించారు, పంచదార దండిగా వేసి. తిరుగు ప్రయాణంలో ఇంకో బండి ఎక్కించుకుంది. రోజూ ఇదే వరస.

మూడు నెలలకి రక్తపరీక్ష చేస్తే ఎనిమిది కాస్తా తొమ్మిదైంది.

"నడిచారా?" అన్నాడు డాక్టరు.

"రోజూ బయల్దేరానండి" అన్నాడు అబ్బులు తలొంచుకుని.

ఆ సాయంత్రమే మృణాళిని ల్యాప్‌టాప్ పట్టుకుని గెంతుకుంటూ వచ్చింది. "బాబాయ్ గారూ, మూడు నెలల్లో ఒక్క ప్రమాదం లేదు!"

"ఎలా ఉంటుందమ్మా? నడిచేవాడుంటే కదా!" అంది శేషారత్నం.

మృణాళిని అడుగుల లెక్క తెరిచి చూసింది. నిజమే. ముప్పైతొమ్మిది కండువాలు వీధి మలుపు దాటి నడిచిన పాపాన పోలేదు. ఆవిడ మొహం మాడిపోయింది. ఒక్క ఇరవై ఏడో నంబరు మాత్రం రోజూ ఎనిమిది వేల అడుగులు చూపిస్తోంది.

"ఇదెవరు?"

"కామేశం మాస్టారు. డెబ్బై ఎనిమిదేళ్లు" అన్నాడు అబ్బులు. "రాయిలా ఉంటాడు. షుగరు లేదు, బీపీ లేదు."

"మరి ఆయన్నెవరూ ఎక్కించుకోరా?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహాలొకరు చూసుకుని ఫక్కున నవ్వారు. మాస్టారు గోదావరి కాలవ మీద పదకొండు సర్గల కావ్యం రాశాడు. బండెక్కితే మొదలుపెడతాడు. ఊరొచ్చినా సర్గ ముగిసేదాకా దిగడు. ఒకసారి ఎక్కించుకున్న పాపానికి మార్కెట్టు చేరేలోపే పచ్చిగెలలు పండిపోయాయని ఒకాయన ఇప్పటికీ చెప్పుకుంటాడు.

శేషారత్నం నవ్వు ఆపుకుని కళ్లు తుడుచుకుంది. "అమ్మాయ్, ఈయన కండువాలో మాస్టారి మొహం పెట్టెయ్."

"ఆయన ఒప్పుకోవాలి కదండీ" అంది మృణాళిని.

అబ్బులు బిడియపడుతూనే వెళ్లాడు. "మీ మొహం కనబడితే బళ్లవాళ్లు మహా జాగ్రత్తగా తోలతారండి మాస్టారూ. మీరు సరేనంటే మా కండువాల్లో పెట్టుకుంటాం." అబద్ధమేం కాదుగా!

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "యాభై ఏళ్లుగా రాస్తున్నానోయ్. నా పుస్తకం కావాలన్నవాడు ఒక్కడూ లేడు. మొహం కావాలన్నావు. పెట్టుకోండి, అందరూ పెట్టుకోండి!" అబ్బులుకి గుండె చివుక్కుమంది.

కానీ కండువా పనిచేసింది. ఏమి పనిచేయడమనుకున్నారు! మంచులో మాస్టారి మొహం కనబడగానే బండి నెమ్మదించేది, ఒదిగి పక్కకి జరిగేది, అద్దంలోంచి ఒక దణ్ణం పెట్టి ఊరుకునేది. వారం తిరక్కుండా ముప్పైతొమ్మిది కండువాల్లోనూ ఆ మొహమే. తెల్లవారుజామున కాలవగట్టంతా నలభైమంది కామేశం మాస్టార్లు! ఊరు మళ్లీ నడిచింది.

ఇంత గౌరవం చేసిన ఊరి రుణం మాస్టారు ఉంచుకుంటాడా? కర్ర తాటించుకుంటూ అబ్బులు పక్కకి చేరాడు. మొదటి సర్గ అందుకున్నాడు. ఆరు కిలోమీటర్లూ పద్యాలే. బండయితే ఎక్కడో ఓచోట దిగిపోవచ్చు. నడకలో ఎక్కడ దిగుతావు? అబ్బులు పళ్లబిగువున విన్నాడు. నెల తిరిగేసరికి లారీ హారన్ని కొంగ కూతతో పోల్చిన పద్యం ఒకటి నచ్చి, మళ్లీ చదవమని కూడా అడిగాడు. అలా అడక్కుండా ఉండాల్సింది. ఆ రోజునుంచీ మాస్టారు మొదటి సర్గనే మళ్లీ మళ్లీ మొదట్నుంచీ అందుకున్నాడు.

మళ్లీ మూడు నెలలకి పరీక్ష. ఆరు పాయింటు ఎనిమిది.

ఆ ఆదివారం చీకటితోనే శేషారత్నం పొయ్యి రాజేసింది. మొదటి రేకు తీసి, నెయ్యి రాసి, బెల్లం చల్లి చుట్టింది. ఈసారి మొగుడి మొహంకేసి చూస్తూనే చుట్టింది. అబ్బులు నోట్లో పెట్టి, "ఎలా ఉంది?" అంది. అబ్బులు కళ్లు మూసుకుని తలూపాడు. కళ్లు తడిశాయి. మూడేళ్ల ఆకలి తీరిందంటే ఇదే.

"అబ్బులూ! ఇవాళ రెండో సర్గ!" గుమ్మంలో కర్ర చప్పుడు.

శేషారత్నం ఆలోచించింది. సైంటిస్టుకి తట్టని ఉపాయం ఆవిడకి తట్టింది. గబగబా రెండు పూతరేకులు ఆకులో చుట్టి మాస్టారి చేతిలో పెట్టింది. "మీకు షుగరు లేదు కదండీ. దారిలో తింటూ నడవండి."

ఇద్దరూ మంచులోకి నడిచారు. కాలవగట్టున మొట్టమొదటిసారి నిశ్శబ్దం. అబ్బులు ఇంటికేసి తిరిగి, చేతులెత్తి భార్యకి దణ్ణం పెట్టాడు.

అయితే పూతరేకు నోట్లో కరగడానికి ఎంతసేపు పడుతుంది? కాలవ లాకులు దాటకముందే రెండో సర్గ మొదలైంది.