తమ్ముడి పేరున రాని బాకీ

పొద్దున్నే మాణిక్యం పెసరట్లు పోస్తుండగా తమ్ముడు లక్ష్మీకాంత్ వచ్చాడు. ఎప్పటిలా వంటింట్లోకి రాకుండా హాల్లోనే కూర్చున్నాడు. మంచినీళ్లిస్తూ వాడి చేతిలోని కాగితం తీసుకుని చదివిందామె. లాయరు నోటీసు. పంపింది తన భర్త చౌడయ్య.

చౌడయ్యకు వన్ టౌన్‌లో చీరల హోల్‌సేల్ కొట్టు ఉంది. అక్కడి సరుకే అరువు మీద తెచ్చుకుని లక్ష్మీకాంత్ గుడివాడలో వ్యాపారం చేసేవాడు. వాడి కొట్టు మూతపడ్డాక బాకీ అలాగే ఉండిపోయింది.

"నా తమ్ముడి మీద కోర్టుకెళ్తున్నారా?" అంది మాణిక్యం, అప్పుడే గదిలోంచి వచ్చిన చౌడయ్యతో.

"కోర్టుకి కాదు. ఆ బాకీ ఇక రాదని లెక్కల్లో కొట్టేస్తే పన్ను తగ్గుతుంది. బయటివాడైతే గొడవే లేదు. బావమరిది కదా, కావాలనే వదిలేశావా అని ఆఫీసరు అడగొచ్చంట. మనం అడిగినట్టు, వీడు ఇవ్వలేకపోయినట్టు రుజువుంటే మంచిదన్నారు ఆడిటర్ గారు."

"మా పుట్టిల్లు దివాలా తీసిందని రుజువు కావాలన్నమాట. మీ చెల్లెలి మొగుడికైతే పంపేవారా ఇది?"

చౌడయ్య బావమరిది వైపు చూశాడు.

"బావగారిని అనకక్కా," అన్నాడు లక్ష్మీకాంత్ తల దించుకునే. "నోటీసు పంపమన్నది నేనే. జవాబు రాసిద్దామనే వచ్చాను."

"దసరాకి మళ్లీ కొట్టు తెరుస్తానన్నావు కదరా."

"తెరవను. ఏలూరులో ఒక బట్టల షాపులో సేల్స్‌మన్‌గా చేరాను. నీతో చెప్పలేక అలా అన్నాను. నేనెలాగూ తీర్చలేను, ఆయనకి పన్నయినా కలిసొస్తుందని..."

మాణిక్యం భర్త వైపు తిరిగింది. "మీకెప్పుడు తెలిసింది?"

"కిందటేడే. అప్పుడే కొట్టెయ్యమన్నారు ఆడిటర్ గారు. తమ్ముడు పైసలతో సహా తీరుస్తాడని నువ్వు చుట్టాలందరికీ చెప్పుకుంటున్నావు. నాకు మనసొప్పలేదు. రాని డబ్బుకి కూడా పన్ను కట్టాను."

మాణిక్యం కుర్చీలో కూలబడింది. పెళ్లిళ్లలో, పేరంటాల్లో తమ్ముణ్ని వెనకేసుకొస్తూ తానన్న మాటలన్నీ ఈ ఇద్దరూ నిజం తెలిసే విన్నారు. ఆమె గొప్ప నిలబెట్టడానికి ఒకడు అబద్ధమాడాడు, ఇంకొకరు నష్టపోయారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

లక్ష్మీకాంత్ బల్ల మీద కాగితం పెట్టుకుని ఇవ్వలేనని రాసి, సంతకం చేసి బావగారి చేతికిచ్చాడు. చౌడయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు.

ఏడాదిగా మాణిక్యం ఫోన్ చేసినప్పుడల్లా కొట్టెప్పుడు తెరుస్తావనే అడిగింది. ఇప్పుడు కళ్లు తుడుచుకుని వాడి పక్కన కూర్చుంది.

"ఏలూరులో అన్నం ఎక్కడ తింటున్నావురా?"